ఆమె చూసినదీ, వాళ్ళు చేయించినదీ

కతోలిక వేదాంతం దైవప్రకటనను రెండుగా విడదీస్తుంది. ఒకటి బహిరంగ ప్రకటన. అది క్రీస్తులో పూర్తయింది, అపొస్తలుల కాలంతో ముగిసింది, ఇక దానికి కలపవలసింది ఏమీ లేదు. రెండోది ప్రైవేటు ప్రకటన. ఆ తర్వాత ఎవరికి ఏ దర్శనం కలిగినా, ఏ మాట వినిపించినా దీనికిందకే వస్తుంది. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 67వ పేరా ఈ సంగతి స్పష్టంగా చెబుతుంది. శ్రీసభ గుర్తించిన ప్రైవేటు ప్రకటనలు కూడా విశ్వాస నిధిలో భాగం కావు. ఉన్న విశ్వాసాన్ని ఆయా కాలాల్లో మరింత నిండుగా జీవించడానికి అవి తోడ్పడతాయి, అంతే. లూర్దునీ ఫాతిమానీ నమ్మకుండా కూడా ఒకరు మంచి కతోలికులుగా బతకొచ్చు.

‘వ్యక్తిగతమే రాజకీయం’ అన్న మాటని పట్టుకుని ఇంతదూరం వచ్చిన మనకు ఆ ‘ప్రైవేటు’ అన్న పదం దగ్గర ఆగాలనిపిస్తుంది. బహిరంగానికీ ప్రైవేటుకీ మధ్య గీత ఎవరు గీస్తారు, గీతకి ఏ వైపున ఎవరు మిగులుతారు అన్న ప్రశ్నని మనం ఇంటి గురించీ, చట్టం గురించీ, సాహిత్యం గురించీ చాలాకాలంగా అడుగుతూనే ఉన్నాం. విశ్వాసం గురించి అడగడం తక్కువ. న్యాయంగా చెప్పాలంటే ఈ విభజన స్త్రీలని ఉద్దేశించి చేసింది కాదు. 1531లో మెక్సికోలో మరియమాతని చూశానని చెప్పిన హువాన్ డియేగో పురుషుడు, ఆదివాసీ. ఆయన గ్వాడలూపే దర్శనం కూడా ప్రైవేటు ప్రకటనే. కానీ గురుపట్టం మగవాళ్ళకే పరిమితమైన సంస్థ ఇది. ఈ విషయంలో మార్పు చేసే అధికారం శ్రీసభకు లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపు తేల్చి చెప్పారు. పీఠం మీద నిలబడి బోధించేదీ, సభలో కూర్చుని నిర్ణయించేదీ వాళ్ళే అయినప్పుడు, చదువులేని ఒక ఆడపిల్ల ఆ సంస్థకి ఏదైనా చెప్పాలంటే దాదాపు ఒకే దారి మిగిలింది. ‘నేను చూశాను’ అనడం.

అలా అన్న ముగ్గురి కథలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక పోలిక కనిపించింది.

కాథరీన్ లబూరే ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతపు రైతు కూతురు. 1830లో పారిస్‌లోని రూ ద్యు బాక్ మఠంలో నవశిష్యురాలిగా ఉన్నప్పుడు మరియమాత కనిపించి, ఒక పతకం చేయించమని చెప్పిందని తన పాపసంకీర్తన గురువు అలదేల్‌కి చెప్పింది. ఆయన మొదట పట్టించుకోలేదు. తర్వాత ఆర్చిబిషప్పు అనుమతి దొరికి 1832లో, కలరా పారిస్‌ని ఊడ్చేస్తున్న రోజుల్లో, మొదటి పతకాలు వచ్చాయి. కొన్నేళ్ళలోనే అవి లక్షల సంఖ్యలో ప్రపంచమంతా పాకాయి. అదే ‘అద్భుత పతకం’. కాథరీన్ మాత్రం నలభై ఏళ్ళకి పైగా ఒక ఆశ్రమంలో ముసలివాళ్ళకి సేవ చేస్తూ, కోళ్ళని చూసుకుంటూ ఉండిపోయింది. ఆ పతకం చేయించింది ఆమేనని చుట్టూ ఉన్న కన్యాస్త్రీలకు తెలియదు. చనిపోయిన సంవత్సరం, 1876లో, తన పై అధికారిణితో నోరు విప్పింది. ఎందుకు విప్పిందన్నదే ముఖ్యం. ఆమె చూసిన మరియమాత చేతుల్లో ఒక గోళం ఉంది. అది పతకంలోకి రాలేదు. గోళం పట్టుకున్న స్వరూపం చేయించమని ఆమె అడుగుతూ వచ్చినా అలదేల్ ఆ పని చేయకుండానే 1865లో చనిపోయారు. ఆ లోటు తీర్చడానికే ఆమె మౌనం వదిలింది. తీరా నమూనా తెచ్చి చూపిస్తే, తాను చూసిన తల్లి ఇంతకన్నా ఎంతో అందంగా ఉందని నిరాశపడింది.

రెండో ఆమె బెర్నదెత్ సూబిరూ. 1858లో లూర్దులో పధ్నాలుగేళ్ళ పిల్ల. ఉబ్బసం మనిషి. పనిలేని మిల్లు కార్మికుడి కుటుంబం ఒకప్పటి జైలు గదిలో తలదాచుకుంటోంది. ఫిబ్రవరి 11 నుంచి జులై 16 దాకా పద్దెనిమిది సార్లు గుహ దగ్గర తనకు ఎవరో కనిపించారని చెప్పింది. మొదట్లో ఆమె ‘మరియమాత’ అనలేదు. తన ఊరి భాషలో ‘అకెరో’ అంది, అంటే ‘అది’. తనంత ఎత్తున్న చిన్నపిల్లలా ఉందని వర్ణించింది. పోలీసు కమీషనరూ, ప్రాసిక్యూటరూ, విచారణ గురువూ విడివిడిగా ప్రశ్నించారు. మాట మార్చలేదు. 1862లో బిషప్పు దర్శనాలని గుర్తించారు. 1864లో లియోన్ నుంచి ఫాబిష్ అనే శిల్పి చలువరాయితో స్వరూపం చెక్కి తెచ్చాడు. అంతకుముందు ఆమెని కూర్చోబెట్టి వివరాలన్నీ అడిగి రాసుకున్నాడు కూడా. చూసి ఆమె అంది, అందంగానే ఉంది గానీ ఆమె కాదని. రెండేళ్ళ తర్వాత బెర్నదెత్ నెవేర్ మఠానికి వెళ్ళిపోయింది. మళ్ళీ లూర్దు చూడలేదు. 1879లో ముప్ఫై అయిదేళ్ళకే పోయింది.

మూడో ఆమె పోలండు కన్యాస్త్రీ ఫౌస్తీనా కోవాల్స్కా. మూడేళ్ళ బడిచదువు, మఠంలో వంట, తోటపని, గేటు దగ్గర కాపలా. 1931లో క్రీస్తు కనిపించి తన చిత్రం వేయించమన్నాడని చెప్పింది. 1934లో విల్నియస్‌లో కజిమిరోవ్‌స్కీ అనే చిత్రకారుడు ఆమె చెబుతుండగా వేశాడు. అది చూసి ఆమె ఏడ్చింది, నువ్వున్నంత అందంగా నిన్నెవరు వేస్తారని. గొప్పతనం రంగులో లేదు, కుంచెలో లేదు, నా కృపలో ఉందని జవాబు వచ్చినట్టు డైరీలో రాసుకుంది. 1938లో ముప్ఫై మూడేళ్ళకి క్షయతో చనిపోయింది. ఇవాళ ఎక్కువ ఇళ్ళల్లో ఉన్నది ఆమె చూసి ఏడ్చిన ఆ చిత్రం కూడా కాదు. ఆమె పోయాక అడాల్ఫ్ హివా అనే మరో చిత్రకారుడు, యుద్ధంలో తన కుటుంబం బతికి బయటపడ్డందుకు మొక్కుబడిగా వేసినది. 1959లో వాటికన్ ఆమె రాతల ప్రచారాన్నీ, ఆ చిత్రాల వ్యాప్తినీ నిషేధించింది. 1978లో నిషేధం ఎత్తేసింది. 2000లో ఆమెని పునీతురాలిగా ప్రకటించింది.

ముగ్గురూ సామాన్యులు. ముగ్గురికీ తాము చూసినది వస్తువుగా మారినప్పుడు ‘ఇది అది కాదు’ అనిపించింది. అయినా వస్తువు బయలుదేరింది, దేశాలు దాటింది, మనిషి మఠం గోడల మధ్య ఉండిపోయింది. పతకానికీ, స్వరూపానికీ, చిత్రానికీ ఆమె మాట అవసరమయింది గానీ ఆమె అవసరం రాలేదు. ఒకసారి అచ్చయ్యాక వస్తువు ఎదురు ప్రశ్న వెయ్యదు. అనుమతి ముద్ర వేయడానికీ, నిషేధించడానికీ, తిరిగి అనుమతించడానికీ వీలుగా ఉంటుంది. చూసిన స్త్రీ అలా ఉండదు. ‘నేను చూసింది ఇలా లేదు’ అంటుంది. ఈ ముగ్గురూ పునీతలు కావడానికి వాళ్ళ విధేయత ఎంత కారణమో, దర్శనం అంత కారణం కాదని చరిత్ర చదివితే అర్థమవుతుంది. విధేయత చూపని జోన్ ఆఫ్ ఆర్క్‌ని 1431లో తగలబెట్టి, 1920లో పునీతురాలిని చేశారు.

ఇక్కడితో ఆపేస్తే కథ సులువుగా ఉంటుంది. ఆడవాళ్ళ అనుభవాన్ని మగ సంస్థ వస్తువు చేసి పంచిపెట్టింది, పంచుకున్న ఆడవాళ్ళు మోసపోయారు అని ముగించొచ్చు. మన స్త్రీవాద వ్యాసాలు చాలా అలాగే ముగిశాయి. కానీ ఆ వస్తువులు చేరిన చేతుల దగ్గరికి వెళ్తే ఆ ముగింపు నిలవదు.

1924లో ఆర్లాటి అనే ఇటలీ మిషనరీ విజయవాడ పక్కన గుణదల కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని పెట్టారు. తెల్లబట్ట, నీలం నడికట్టు, జోడించిన చేతులు. లోకంలోని అనేక లూర్దుమాతల్లాగే బెర్నదెత్ ‘ఆమె కాదు’ అన్న ఆ రూపానికి వారసురాలే. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే తిరునాళ్ళకి లక్షల్లో జనం వస్తారు. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వచ్చేవాళ్ళలో హిందువులూ చాలామంది. ఫాబిష్ ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు, అక్కర్లేదు కూడా. ఆ తల్లి ఎవరి బిడ్డ కోసం ఎవరు ఏడ్చినా వినే తల్లి.

మా అమ్మమ్మ గుంటూరు జిల్లాలో మాదిగపల్లెలో పుట్టిన కతోలికురాలు. ఆమె మెడలో నల్లపూసలతో పాటు ఒక చిన్న పతకం, జాకెట్టు లోపల కార్మెల్ మాత ఉత్తరీయం ఉండేవి. స్నానానికి తప్ప తీసేది కాదు. కాన్పు పనికి ఎవరింటికైనా వెళ్తే ఆ పతకాన్ని నొప్పులు పడుతున్న పిల్ల అరచేతిలో పెట్టి పట్టుకోమనేది. ఏ గురువూ ఆమెకి ఆ పని నేర్పలేదు, ఎవరి అనుమతీ ఆమె అడగలేదు. పీఠం దగ్గర ఆమెకి పని లేదు గానీ పురిటి మంచం దగ్గర ఆ పతకంతో ఆమె చేసినదాన్ని ఇంకేమనాలో నాకు తెలీదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్ళో గుడిలోని దేవుణ్ణి ముట్టుకోవడం మాట అటుంచి, దూరం నుంచి చూసే హక్కు కూడా లేని మనిషి, పవిత్రమైనదొకటి తన ఒంటికి ఆనుకుని, తన చెమటతో తడుస్తూ ఉండటం అంటే ఏమిటో, జపమాల తిప్పే ఆడవాళ్ళని మూఢభక్తి అని నవ్వే మనలాంటి చదువుకున్నవాళ్ళకి వెంటనే తట్టదు. చర్చిలో కులం లేదని కాదు. సమాధుల దొడ్డి దాకా ఉంది. అయినా ఆ పతకం ఆమెదే.

పారిస్ మఠంలో కాథరీన్ పోగొట్టుకున్నది గుంటూరు పల్లెలో అమ్మమ్మకి దొరికిందని అనను. ఒకరి నష్టానికి మరొకరి లాభం సమాధానం కాదు. వస్తువు అధికారం చేతిలో నుంచి వచ్చినా అధికారం అనుకున్న చోటే ఆగదు, అంతవరకే అంటాను. రంగులో, కుంచెలో గొప్పతనం లేదని ఫౌస్తీనా సమాధానపడింది కూడా బహుశా ఇలాంటిదే.

అసలు చిక్కు మనవైపు ఉంది. స్త్రీ అనుభవమే ప్రమాణం అని మనం అంటాం. మరి ఆ అనుభవం ‘నేను దేవుణ్ణి చూశాను, విధేయంగా ఉండమన్నాడు, బాధని కానుకగా ఇమ్మన్నాడు’ అంటే? ఫౌస్తీనా డైరీ నిండా ఈ మాటలే. అప్పుడు మన ముందు రెండు అలవాట్లు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, అది అణచివేతకి లోనైన మనసు చేసిన కల్పన అనడం. బెర్నదెత్‌కి మతి చలించిందేమో చూడమని పంపిన డాక్టర్లు కూడా ఆ దారిలోనే వెళ్ళారు. రెండోది, అది విధేయత ముసుగు వేసుకున్న ప్రతిఘటన అని మెచ్చుకోవడం. ఇది మర్యాదగా కనిపిస్తుంది గానీ దీనిలోనూ ఆమె చెప్పిన మాట వదిలేసి మనకి కావలసిన మాట ఆమె నోట్లో పెడుతున్నాం. ఫాబిష్ చేసిందీ ఇదే. శ్రద్ధగా విని, తనకి తెలిసిన అందాన్నే చెక్కాడు.

మరి నమ్మాలా? ఇక్కడ శ్రీసభ నియమంలో నాకు విలువైనదొకటి కనిపిస్తుంది. ఒకరు చూసినది ఇంకొకరిని కట్టిపడెయ్యదు అన్న సూత్రం స్త్రీలకి కూడా రక్షణే. దర్శనం పేరుతో మనుషులని గుప్పిట్లో పెట్టుకోవడం, వాడుకోవడం ఎక్కడైనా జరుగుతుంది. 2024 మే నెలలో వాటికన్ ఇచ్చిన కొత్త నియమావళి, అలౌకిక అనుభవాలని అడ్డం పెట్టుకుని మనుషులపై పెత్తనం చెయ్యడాన్నీ, హింసించడాన్నీ నైతికంగా ప్రత్యేక తీవ్రత ఉన్న విషయంగా చూడాలంది. అది అవసరమైన మాట. కానీ అదే నియమావళి ఇంకొక పని కూడా చేసింది. ఇకనుంచి మామూలుగా ఏ దర్శనాన్నీ ‘ఇది దైవికమే’ అని ప్రకటించరు. ఆరు రకాల నిర్ణయాల్లో అన్నిటికన్నా పై మెట్టు ‘అభ్యంతరం లేదు’ అన్నదే. 1981లో నలుగురు అమ్మాయిలూ ఇద్దరు అబ్బాయిలూ మరియమాతని చూశామన్న మెడ్జుగోర్యేకి 2024 సెప్టెంబరులో దొరికింది ఆ మాటే. అక్కడికి వెళ్ళి ప్రార్థించవచ్చు, మంచి ఫలితాలున్నాయి, దర్శనం నిజమా కాదా అన్నది మేం చెప్పం. జాగ్రత్తపరుల మాట ఇది. అయితే ఫలాలని లెక్కపెట్టి చెట్టు గురించి మాట్లాడకపోతే, చూశానన్న మనిషి మళ్ళీ ప్రైవేటు అన్న గీతకి అవతలే నిలబడుతుంది.

బెర్నదెత్ ఈ గీతని వేరేచోట గీసింది. నమ్మించలేకపోతున్నావే అని అడిగినవాళ్ళతో, మీకు చెప్పమన్నారు గానీ నమ్మించమనలేదని అందట. ఆ పధ్నాలుగేళ్ళ పిల్ల తన అనుభవాన్ని ఆజ్ఞగా మార్చలేదు, దాచుకోనూ లేదు. సాక్ష్యం చెప్పింది. సాక్ష్యానికి మనం బాకీ పడేది విశ్వాసం కాదు. వినడం, విన్నది మార్చకుండా నిలబెట్టడం, ‘ఇది ఆమె కాదు’ అని ఆమె అన్నప్పుడు ఆ మాటని కూడా స్వరూపం పక్కనే ఉంచడం. శ్రీసభ చేయనిది ఈ చివరిపని. మనం చేయగలిగింది కూడా అదే, అమ్మమ్మల జపమాలల గురించి రాసేటప్పుడైనా, ఫౌస్తీనా డైరీ గురించి రాసేటప్పుడైనా. నేను మరియమాతని చూడలేదు. చూశానన్న స్త్రీని నమ్మాలో లేదో తేల్చుకోకుండానే, ఆమె మాటని ఆమె మాటగా రాసుకోవడం మాత్రం నాకు వీలవుతుంది.