పంజరము వీడిన కోడి – గృహస్థుని సంకోచము

దయగలవాడు వెనుకముందు లాలోచింపక చేయి చాచుననియు, ఆలోచించువానికి దయ లేదనియు లోకమున ఒక భావము కలదు. దప్పిగొన్నవానికి నీరిచ్చుటకు ఆలోచన యేల అని అడుగుదురు. ఆ ప్రశ్న నీటివరకు న్యాయమే. కాని ఒక ప్రాణిని ఇంటికి తెచ్చి, అది బ్రతికినన్నాళ్లు దాని భారము నాదే యని పూనుకొనుట నీరిచ్చుట వంటిది కాదు. ఇంగ్లండు దేశమున గృహస్థులకు ఎదురగుచున్న ఒక చిన్న సమస్య ఈ భేదమును చక్కగా తెలుపును. పైకి అది కోళ్ళను గూర్చిన సమస్య. లోతునకు పోయినచో దయను గూర్చినది.

ఆ దేశమున గ్రుడ్లకొరకు పెంచు పెట్ట సుమారు ఇరువది వారముల ప్రాయమున గ్రుడ్లు పెట్ట మొదలిడును. 72 మొదలు 80 వారముల ప్రాయము వచ్చుసరికి గ్రుడ్ల సంఖ్య తగ్గును, పెంకు పలుచబడును. అంతట కొట్టములోని పెట్టలనన్నిటిని ఒక్కమారుగా వధశాలకు పంపి, క్రొత్త పెట్టలను తెచ్చి నింపుదురు. పంజరమున పెరిగిన పెట్టకును, ఆరుబయట తిరిగిన పెట్టకును సాధారణముగా ఇదే గతి. ఇరుకు పంజరములను ఐరోపా దేశములు 2012లో నిషేధించినవి. వాని స్థానమున వచ్చిన కొంత పెద్ద పంజరములలో ఒక్కొక్క పెట్టకు లభించు చోటు 750 చదరపు సెంటీమీటర్లు. అనగా దరఖాస్తు వ్రాసికొను పెద్ద కాగితముకంటె కొంచెము ఎక్కువ. 2005లో ఏర్పడిన బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్టు అను ధర్మసంస్థ, ఇట్లు వధశాలకు పోవలసిన పెట్టలను రైతులయొద్ద తీసికొని, పెరడు గల గృహస్థులకు అప్పగించుచున్నది. ఈ విధముగా ఇండ్లకు చేరిన పెట్టల సంఖ్య పది లక్షలను దాటినది.

ఆ దేశమున స్థిరపడిన తెలుగువారు అనేకులు. వారిలో లింగధారియగు ఒక గృహస్థుని ఊహింతము. ఆయన ఇంట మాంసము లేదు, గ్రుడ్డు లేదు. పిల్లలు బడిలో ఈ సంగతి విని వచ్చి మూడు పెట్టలను తెత్తమని పట్టుబట్టిరి. కోడి ఒంటరిగా బ్రతుకజాలదు గనుక మూడింటికి తక్కువ తేరాదు. తండ్రి సరే యని పేరు వ్రాయించెను. తీసికొనిరావలసిన దినము సమీపించుకొలది ఆయనకు సంకోచము కలిగెను. “మాట ఇచ్చి వెనుకకు తీయుట బాగుండదండీ” అని ఇల్లాలు అనెను. ఊరినుండి ఫోనులో తల్లి, “లింగపూజ జరుగు ఇంటికి కోళ్ళు ఎందుకు నాయనా?” అని అడిగెను. ఇరువురికిని సమాధానము చెప్పలేక ఆ గృహస్థుడు రాత్రి నిద్రపట్టక కూర్చుండెను. ఇట్టి ఆలోచననే లోకులు కోడిగ్రుడ్డుపై ఈకలు పీకుట యని పరిహసింతురు. ఆ పరిహాసము ఇచ్చట తగునా?

సంకోచములన్నియు ఒక్క జాతివి కావు. పెరటిలోని పూలమొక్కలు పాడగునని, పొరుగువారు ఏమందురో యని కలుగు సంకోచమును గూర్చి ఎక్కువ చెప్ప నక్కరలేదు. అది తన సుఖమును గూర్చినది. ఒక్క ప్రాణి బ్రతుకు ముందు అది నిలువదు. తల్లి అడిగిన ప్రశ్నకును పిల్లల మడి, పెద్దల ఆచారము మాత్రమే ఆధారమైనచో, కల్యాణమున బసవేశ్వరుడు ఎవ్వరిని చేరదీసెనో ఎరిగిన ఇంట దానికి సమాధానము వెదకుట కష్టము కాదు. అయితే మరియొక జాతి సంకోచము కలదు. అది ఆ పెట్టను గూర్చినది.

మొదట నిత్యకృత్యము. ప్రొద్దు క్రుంకిన వెంటనే గూటి తలుపు మూయవలెను. ఆ దేశపు నక్కలు పట్టణ వీధులలో సయితము తిరుగును. ఒక్క రాత్రి మరచినచో ఉదయమున ఈకలే మిగులును. శీతకాలమున సాయంకాలము నాలుగు గంటలకే చీకటి పడును. ఆ వేళకు ఇంటి యజమాని ఉద్యోగము చోటనే ఉండును. వేసవి సెలవులలో కుటుంబమంతయు ఆరు వారములు స్వదేశమునకు వచ్చును. అప్పుడు ఆ తలుపు మూయువా రెవరు? పిల్లలు మూయుదుమందురు. పది సంవత్సరముల బాలుడు కార్తికమున ఇచ్చిన మాట మాఘమువరకు నిలుచునో లేదో తండ్రికి తెలియనిది కాదు. కాయకమనగా మనసైన దినమున చేసి, కాని దినమున మానునది కాదు గదా.

పిమ్మట రాజశాసనము. మన పల్లెలలో పళ్లెములోని మెతుకులు వాకిట విదిల్చినచో కోళ్ళు వచ్చి ఏరుకొని తినును. ఆ దేశమున అది నేరము. 2001లో గాలికుంటు వ్యాధి అచ్చటి పశుసంపదను పాడుచేసిన పిమ్మట కట్టడి బిగిసినది. వంటింట మిగిలిన పదార్థమును, శాకాహారుల వంటింటిదైనను, కోళ్ళకు వేయరాదు. పాలు, నెయ్యి వంటివి తగులునని దానికి కారణము. దుకాణమునుండి దాణా కొనవలసినదే. ఇంగ్లండులో 2024 అక్టోబరు 1 మొదలు ఒక్క కోడి ఉన్నను ప్రభుత్వమువద్ద నమోదు చేయింపవలెను. పక్షులకు అంటువ్యాధి వ్యాపించినప్పుడు వానిని బయటికి విడువరాదని ఆజ్ఞ వెలువడును. 2021లోను, 2022లోను అట్లు జరిగినది. పంజరమునుండి విడిపించి తెచ్చిన పెట్టను నెలల తరబడి మరల కప్పుక్రింద మూసియుంచవలసి వచ్చును. అందుకు తగినంత చోటును ముందే సిద్ధపరచని వాని దయ, ఒక పంజరమును మార్చి మరియొక పంజరము నిచ్చినట్లగును.

వీటికన్న బరువైనది ఆ పెట్ట శరీరము. అడవికోడి ఏటికి పది పదునైదు గ్రుడ్లు పెట్టి పొదుగును. మానవుడు తన అవసరమునకై తరతరములుగా ఏరి పెంచిన ఈ జాతి ఏటికి మూడువందలకు పైగా పెట్టును. ఒక్కొక్క గ్రుడ్డు పెంకునకు రెండు గ్రాముల కాల్షియము కావలెను. తిండిలో చాలనిది ఎముకలనుండి వచ్చును. అందుచేత ఇంటికి చేరు పెట్టలలో రొమ్ముటెముక విరిగి వంకరగా అతుకుకొన్నవి అనేకము. పంజరము తలుపు తెరువవచ్చును గాని, శరీరములో చొప్పించిన పంజరమును తెరచుటకు వీలులేదు. అది గ్రుడ్లు పెట్టుచునే యుండును. తుదకు గ్రుడ్డు పచ్చసొన కడుపులో చెదరి చీము పట్టి చచ్చునవి చాల కలవు. గ్రుడ్డు పెట్టుటను కొన్ని నెలలు ఆపుటకు పశువైద్యులు చర్మము క్రింద ఉంచు ఔషధము కలదు; అది వ్యయముతో కూడినది, మాటిమాటికి చేయింపవలసినది.

మరి ఆ గ్రుడ్ల సంగతి? తినని ఇంట అవి ఏమి కావలెను? పొరుగువానికి ఇచ్చుట తప్పు కాదని కొందరు, తాను పాపమని విడిచినదానిని ఇతరుని చేతిలో పెట్టుట ధర్మము కాదని కొందరు వాదింతురు. పుంజు లేని చోట పెట్టిన గ్రుడ్డులో పిల్ల యుండదు. కనుక అందు ప్రాణహింస లేదనుట నిజము. ఆ గ్రుడ్డు పుంజుకొనిన పొరుగువాడు ఆ వారము అంగడిలో కొనడనుటయు నిజమే. అయినను ఇంటిలో ఈ మాట ముందు తేల్చుకొనక పెట్టలను తెచ్చినవాడు ప్రతి ఉదయము చేతిలో గ్రుడ్డుతో నిలువబడి విచారింపవలసి వచ్చును.

ఇంకొక చిక్కు కలదు. దీనిని గూర్చి దయాధర్మ వ్యాసములలో సాధారణముగా ఎవరును వ్రాయరు. కోడి శాకాహారి కాదు. పెరటిలో విడిచినంతనే అది వానపామును, మిడుతను, చిన్న కప్పను మ్రింగును. అంతేకాదు. చెక్కగూటి సందులలో ఎర్రని సన్నపు పురుగులు చేరి, నల్లులవలె పగలు దాగి రాత్రివేళ కోళ్ళ రక్తమును పీల్చును. వేసవిలో అవి వేలకొలది పెరుగును. కోడి రక్తహీనతతో నీరసించును. గృహస్థుడు పొడి చల్లి వానిని చంపవలెను, లేదా తాను చేరదీసిన పెట్టను వానికి అప్పగింపవలెను. చీమకును అపకారము చేయరాదని పెరిగిన చేతితో ఆ పొడి చల్లుట సులభము కాదు.

అన్నిటికన్న కఠినమైన గడియ చివర వచ్చును. ఒక ఉదయమున పెట్ట మూలన ముడుచుకొని, తోక వ్రాలవేసి, కన్నులు మూసికొని నిలుచును. పశువైద్యుడు చూచి, “ఇది కోలుకొనదు. బాధ పడనిత్తురా, సూదితో శాంతముగా పోనిత్తురా?” అని అడుగును. చంపుట పాపమని నమ్మిన ఇంటి పెద్ద ఏమి చెప్పవలెను? చంపనని చెప్పి ఇంటికి తెచ్చినచో ఆ ప్రాణి రెండుమూడు దినములు యాతనపడి చచ్చును. చేయి శుభ్రముగా నుండును. పెట్ట మాత్రము బాధపడును. అప్పుడు ఆ గృహస్థుడు కాపాడినది పెట్టనా, తన శుచినా?

ఈ ప్రశ్నయే ఆయన సంకోచమునకు మూలము. తెచ్చునపుడు ఆయన తన్ను తాను ప్రాణరక్షకునిగా ఊహించుకొనెను. ఆలోచించిన కొలది, పురుగులను చంపువాని గాను, పెట్ట మరణమునకు మాట ఇచ్చువానిగాను కనబడజొచ్చెను. ఇచ్చట పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన ఉడుమూరి కన్నప్ప గుర్తునకు రాక మానడు. శాస్త్రదృష్టితో చూచినచో ఆ వేటగాని చేయి శుచియైనది కాదు; నోటిలోని నీటితో అభిషేకించెను, తాను వేటాడిన మాంసమును నివేదించెను. కాని స్వామి కంట రక్తము కారుచుండగా, నా చేయి తగినదా కాదా యని అతడు విచారింపలేదు. దీనివలన హింస తప్పు కాదని చెప్పుటకు వీలులేదు. ఆ కథను అట్లు వాడుకొనువారు దానికి ద్రోహము చేయుచున్నారు. బాధపడు ఒకరి ముందు నిలిచినపుడు మన దృష్టి వారి గాయముపై నుండవలెనా, మన చేతిపై నుండవలెనా అనునంతవరకే ఆ కథ ఇచ్చట పనికివచ్చును.

మూడు పెట్టలను తెచ్చినంత మాత్రమున కొట్టము ఖాళీగా నుండదు, ఆ చోట క్రొత్తవి వచ్చి చేరును గదా యని మరియొక వాదము కలదు. అది నిజము. గ్రుడ్లజాతిలో పుట్టిన మగపిల్లలు నిరుపయోగమని పుట్టిన దినముననే చంపబడుటయు నిజము. 2022 మొదలు జర్మనీ దీనిని నిషేధించినది గాని లోకమున పెక్కుచోట్ల సాగుచునే యున్నది. మన ప్రాంతము దీనికి దూరము కాదు. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకే మొదటిది, తెలంగాణ ముందు వరుసలోనిది. రెంటను పంజరముల పెంపకమే ప్రధానము. రాబోవు పెట్టల సంఖ్యను తగ్గించునది తినక మానుట. ఇప్పుడున్న ఈ మూడింటిని బ్రతికించునది చేరదీయుట. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. తినక మానినవాడు నా వంతు తీరెనని తృప్తిపడ నక్కరలేదు. పాలు త్రాగు ఇల్లు ఈ విషయమున గర్వింపదగినది అసలే లేదు. వట్టిపోయిన ఆవు ఎచ్చటికి పోవునో, కోడెదూడ ఏమగునో అడిగినచో అదే కొట్టము మరియొక రూపమున కనబడును.

అయితే ఆ గృహస్థుడు ఏమి చేయవలెను? పిల్లలకు ఇచ్చిన మాటకొరకు సిద్ధపడకయే పోయి తెచ్చుట తగదు. తెచ్చి నెల తిరుగకముందే భారమని మరియొకరి కప్పగించినచో, ఒకమారు కొట్టమును, వెంటనే ఇంటిని కోల్పోయిన ఆ పెట్టలకు మూడవ చోటు తప్పదు. అట్లని సంకోచము కలిగినదే చాలునని దానినొక సాకుగా చేసికొని ఊరకుండుటయు తగదు. ఆలోచించువారిలో పలువురు ఆలోచనలోనే నిలిచిపోవుదురు, అది వారికి సుఖముగా నుండును. ఇల్లాలు చెప్పినట్లు ఇచ్చిన మాటకు విలువ కలదు. కాని ఆ మాట సంస్థకు గాని, పిల్లలకు గాని మాత్రమే ఇచ్చినది కాదు.

ఆయన సంస్థవారికి ఉత్తరము వ్రాసి, ఈమారు తన వంతు పెట్టలను సిద్ధముగా నున్న మరియొక ఇంటికి ఇమ్మని, రాబోవు వసంతమునకు తన పేరు ఉంచుమని కోరెననుకొందము. ఈలోపల గూటికి కప్పుగల ఆవరణ కట్టించెను. సెలవులలో తలుపు మూయుటకు వీధిచివర నున్న ఒక వృద్ధదంపతులను ఒప్పించెను. గ్రుడ్లు వారికే ఇచ్చుటకు నిశ్చయమాయెను. పశువైద్యుని ప్రశ్న వచ్చినపుడు ఎవరు సమాధానము చెప్పవలెనని భార్యాభర్తలు ఒక రాత్రి చాలసేపు మాటలాడుకొనిరి. పిల్లలచేత చెప్పింపరాదని మాత్రము తేలినది, తక్కినది తేలలేదు. తల్లికి ఫోను చేసి అంతయు వివరించెను. ఆమె చాలసేపు మాటాడక యుండి, “చలిదేశము గదా, క్రింద గడ్డి దట్టముగా పరచు” మనెను.