పాతబండి – క్రొత్తబండి – కాయకధర్మము



పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడు బోధించిన కాయకతత్త్వమును గూర్చి మనము సభలయందు తరచుగా వినుచున్నాము. ప్రతి మానవుడును పని చేసి బ్రదుకవలెను. ఆ పని సత్యశుద్ధమై యుండవలెను. వచ్చిన దానిలో దాసోహమునకు భాగముండవలెను. ఇది దాని సారాంశము. మడివాళ మాచయ్య బట్టలు ఉతికినాడు. మేదర కేతయ్య వెదురుబుట్టలు అల్లినాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినాడు. అంబిగర చౌడయ్య పడవ నడపినాడు. వీరి భక్తిని కొనియాడునప్పుడు వీరి చేతిలోని పనిముట్టును మనము మరచిపోవుచున్నాము. చౌడయ్య పడవకు ఒకనాడు చిల్లి పడినదనుకొందము. ఆయన ఏమి చేసియుండును? చిల్లి పూడ్చుకొని మరల ఏరు దాటించి యుండునా? లేక చిల్లి సంగతి చెప్పక ఆ పడవను మరియొకనికి అంటగట్టి క్రొత్తది కొనియుండునా?

ఇది పిల్లల ప్రశ్నవలె తోచవచ్చును. కాని ఈ సంవత్సరము నా వాకిటనే ఈ ప్రశ్న వచ్చి నిలిచినది. అందుచేతనే ఈ వ్యాసము.

నేను జహీరాబాదు ప్రాంతములో ఒక పల్లెబడి పంతులును. బడికిని ఇంటికిని 16 కిలోమీటర్ల దూరము. 2009లో కొన్న నూరు సీసీల మోటారుసైకిలు ఇంతకాలము నన్ను మోసినది. పదునైదేండ్లు నిండగా, 2024లో దాని రిజిస్ట్రేషనును మరి ఐదేండ్లకు పునరుద్ధరించుకొన్నాను. ఇటీవల అది నీలిపొగ విడుచుటకు మొదలు పెట్టినది. ఎత్తు ఎక్కునప్పుడు ఆయాసపడుచున్నది. నూనె పోసిన నెలకే తగ్గిపోవుచున్నది.

మెకానిక్కు ఇంజను చప్పుడు విని, పొగగొట్టము చివర వ్రేలితో తుడిచి చూచి, “సార్, బండి బోరుకు వచ్చింది” అన్నాడు. అనగా నేమని అడిగినాను. పిస్టనుకు చుట్టుకొని యుండు రింగులకు రెండు పనులట. పైన మండిన వాయువు క్రిందికి జారకుండ ఆపుట ఒకటి. క్రింది నూనె పైకి ఎక్కకుండ ఆపుట రెండవది. రింగులును సిలిండరు గోడయు అరిగినచో రెండు పనులును చెడును. బలము జారిపోవును. నూనె పైకెక్కి పెట్రోలుతో పాటు కాలును. ఆ కాలిన నూనెయే నీలిపొగ. సిలిండరును కొంచెము వెడల్పు చేసి, దానికి సరిపోవు పిస్టనును రింగులను వేసినచో ఇంజను మరల నిలద్రొక్కుకొనునని అతడు చెప్పినాడు. టైమింగు గొలుసు, క్లచ్చి పలకలు, కూలి అన్నియు కలిపి 9 వేల రూపాయలగును.

మా కుమారుని అభిప్రాయము వేరు. “నాన్నా, పదహారేండ్లు దాటిన బండికి తొమ్మిదివేలెందుకు? మార్చి క్రొత్తది తీసుకొందాము” అన్నాడు. అతని మాటలో న్యాయము లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి ఇట్టి చిన్న మోటారుసైకిళ్ళపై పన్ను 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. 2020 ఏప్రిలు నుండి అమలైన భారత్ స్టేజి ఆరు ప్రమాణముల వలన క్రొత్తబండ్ల పొగ తక్కువ. 2019 ఏప్రిలు నుండి వచ్చు చిన్నబండ్లకు, వెనుక బ్రేకు త్రొక్కిన ముందు చక్రము కూడ పట్టుకొను ఏర్పాటు కలదు. ఇవి ప్రాణమునకు, గాలికి సంబంధించిన విషయములు. పాతదానిపై ప్రీతిచే వీనిని త్రోసివేయుట వివేకము కాదు.

కనుక మార్చుటకే మొగ్గినాను. బేరము కుదుర్చు మధ్యవర్తి యొకడు వచ్చి బండిని చూచినాడు. “పొగ కనబడితే ఆరువేలు సార్, కనబడకపోతే పన్నెండు వేలు” అన్నాడు. పొగ ఉన్నదిగదా, కనబడక ఎట్లుండునని అడిగినాను. అతడు నవ్వినాడు. చిక్కని నూనె పోసి, అందులో ఒక మందు కలిపినచో కొన్ని దినములు పొగ అణగి యుండునట. పైన కొంచెము రంగు, సీటుకు క్రొత్త తొడుగు. “అందరూ చేసేదే సార్” అన్నాడు.

శరణులారా! నిజము చెప్పవలెను. ఆ మాట విన్న వెంటనే నాకు కోపము రాలేదు. ఆరువేల రూపాయల లెక్క మాత్రము మనసులో మెదలినది. ఆ రాత్రి నిదుర రాలేదు. నీతి పట్టుదల వలన కాదు, ఒక పాత సంగతి జ్ఞాపకము వచ్చుట వలన.

2009లో ఈ బండి కొన్నప్పుడు నా పాత స్కూటరును ఇట్లే మార్చుకొన్నాను. దాని గేరుపెట్టెలో ఒక దోషముండెను. ఎత్తు ఎక్కునప్పుడు గేరు తనంతట జారిపోయెడిది. నేనది ఎరుగుదును. చూడవచ్చినవాడు చదునుబాటలో నడిపి చూచి బాగున్నదన్నాడు. నేను ఊరకున్నాను. అబద్ధమాడలేదుగదా అని తృప్తిపడినాను.

కొన్ని నెలల తరువాత బడికి పోవుచుండగా, ఎత్తుబాటలో ఒక పాలవాడు రెండు పాలక్యాన్లు కట్టిన స్కూటరును త్రోయుచు ఎదురైనాడు. ప్రక్కరేకుమీది సొట్టను బట్టి అది నాదేనని గుర్తించినాను. ఎండ ముదురుచున్నది. పాలు విరిగిపోవునను దిగులు అతని ముఖమున కనబడుచున్నది. బండి దిగి వెనుకనుండి నేనును త్రోసినాను. ఎత్తు ఎక్కిన పిమ్మట అతడు చెమట తుడుచుకొని, “ఎవరో పంతులు వాడిన బండి అన్నరు సార్, అందుకే నమ్మి తీసుకున్న” అన్నాడు.

ఆ పంతులును నేనేనని నేను చెప్పలేదు. నాటికిని నేటికిని చెప్పలేదు. ఆనాడు నేను అతనికి అమ్మినది స్కూటరును మాత్రమే కాదు. పంతులన్న మాటకు ఊరిలో గల నమ్మకమును కూడ అమ్మినాను. అది నా యొక్కని సొత్తు కాదు.

బసవేశ్వరుడు అసత్యమును విడువుమని చెప్పినప్పుడు, అంతరంగశుద్ధియు బహిరంగశుద్ధియు వేరు కావను భావమును బోధించినాడు. పైకి రంగు వేసి లోపల అరిగిన రింగులతో బండిని అమ్ముట ఆ బోధకు సరిగా ఎదురుగా నిలిచిన కార్యము. నొసట విభూతి ధరించి, కంఠమున లింగము ధరించి, కొనువాని యెదుట నోరు మూసుకొనుట కూడ అట్టిదే. మౌనము అన్నివేళల వ్రతము కాదు. ఒక్కొక్కప్పుడు అది చౌర్యము.

ఉదయమున ఈ సంగతియంతయు నా భార్యకు చెప్పినాను. ఆమె ఒక్క ప్రశ్న వేసినది. “మనం మార్చుకుంటే ఆ పొగ ఆగుతుందా, ఇంకొకరి వాకిటికి పోతుందా?”

నా కుమారుని వాదమునకు గాని నా తర్కమునకు గాని ఈ ప్రశ్న తట్టలేదు. క్రొత్తబండి పొగ తక్కువ, నిజమే. కాని మార్చుకొన్నంత మాత్రమున పాతబండి లోకమునుండి తొలగిపోదు. అది చేతులు మారి, చివరకు మనకన్న తక్కువ స్తోమతగల వాని యింటికి చేరును. పాలవాడో, కూరగాయలు తిప్పి అమ్ముకొనువాడో, కూలికి పోవువాడో దానిని కొనును. మనము 9 వేలు పెట్టలేక వదలిన దోషమును, ఆ 9 వేలు ఎన్నడును ఒక్కసారిగా కూడబెట్టలేనివాడు మోయును. పొగ మానలేదు, పొగ వీధి మారినది. మన వీధి శుభ్రమైనదని మనము సంతోషించుట ధర్మమగునా?

చట్టము కూడ కొంతవరకు ఈ మాటనే చెప్పుచున్నది. బండి అమ్మి, యాజమాన్యము పేరు మార్పించనిచో, ప్రమాదము జరిగిననాడు నష్టపరిహారమునకు నమోదులో నున్నవాడే యజమానిగా బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. చట్టదృష్టిలో మన బాధ్యత పేరు మారువరకు ఉండును. ధర్మదృష్టిలో దోషము చెప్పువరకు ఉండును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మనలో ఎరుగనివారుండరు. కల్యాణమందు రాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు నిత్యము తెచ్చు కొలతకన్న ఎక్కువ తెచ్చినాడు. ఈ అధికము మనకెందుకు, తెచ్చినచోటనే పోసి రమ్మని లక్కమ్మ అతనిని పంపినది. దరిద్రములోనుండి పలికిన మాట అది. “ఇంకెంత దొరకును?” అని ఆమె అడుగలేదు, “ఎంత అవసరము?” అని అడిగినది. మారకపు బేరములు మన చేత మొదటి ప్రశ్ననే వేయించుచున్నవి. ఇంత తగ్గింపు వచ్చుచున్నదిగదా, పోనిచ్చుకొనుట తెలివితక్కువగదా అని మనస్సు తొందరపడును. తగ్గింపు వచ్చినది గనుక అవసరము పుట్టినదా, అవసరముండగా తగ్గింపు వచ్చినదా అను విచారణ జరుగదు.

కొలత యనగా లెక్కయే గనుక లెక్కయే వేసినాను. రోజునకు 32 కిలోమీటర్లు. ఏటికి 220 పనిదినములనుకొన్న 7,040 కిలోమీటర్లు. బండి బాగున్న దినములలో లీటరుకు 60 కిలోమీటర్లు వచ్చెడిది; ఇప్పుడు 40కి దిగినది. అనగా ఏటికి 117 లీటర్లు చాలుచోట 176 లీటర్లు కాలుచున్నవి. 59 లీటర్ల పెట్రోలు, నూరు రూపాయలకు పైబడిన ధరకు, దాదాపు 6 వేలు గాలిలో కలియుచున్నవి. మరమ్మతుకగు 9 వేలు ఏడాదిన్నరలో తిరిగివచ్చును. క్రొత్తబండికి అప్పు తీసినచో నెలకు దాదాపు 3 వేలు చొప్పున మూడేండ్లు కట్టవలెను. అనగా మరమ్మతు వ్యయము మూడు నెలల వాయిదాలకు సమానము.

ఇంతమాత్రమున పాతదే పవిత్రమని నేననుట లేదు. ఇందులోను ఒక మోహము గలదు. “మా తండ్రిగారి బండి”, “నా తొలి సంపాదన బండి” అని, బ్రేకులు పట్టకపోయినను, చట్రము త్రుప్పుపట్టి బీటలిచ్చినను, దానిపైననే పిల్లలను ఎక్కించుకొని తిరుగువారున్నారు. అది మమకారము. కొందరిది మమకారము కూడ కాదు, పిసినితనము. దానికి పొదుపని పేరు పెట్టుకొందురు. నీలిపొగ విడుచుచు బడిపిల్లల వరుస ప్రక్కనుండి పోవువాడు తన జేబును కాపాడుకొనుచు ఇతరుల ఊపిరిని వ్యయము చేయుచున్నాడు. ఈ కొన్ని నెలలు నేనును ఆ పనియే చేసినాను. బసవేశ్వరుడు స్థావరమునకు నాశమున్నదనియు జంగమమునకు లేదనియు బోధించినాడు. నాలుగు దిక్కులకు తిరుగుచున్నంత మాత్రమున మోటారుసైకిలు జంగమము కాదు. అదియు చెడిపోవు స్థావరమే. చెడిపోవు దానిని చెడిపోయినదని ఒప్పుకొనుటయు జ్ఞానమే.

అట్టి దినము వచ్చినప్పుడు మరియొక గృహస్థునికి అంటగట్టక తుక్కునకు పంపుటయే మేలు. 2021లో కేంద్రప్రభుత్వము ఇందుకు నిబంధనలు చేసినది. నమోదైన తుక్కు కేంద్రమునకు బండిని అప్పగించి ధ్రువపత్రము పొందవచ్చును. వచ్చు డబ్బు తక్కువే. కాని ఆ బండి పొగ నిజముగా అక్కడ ఆగును.

మరియొక్క మాట. మరమ్మతు చేయువాని చేతిలోనిది కూడ కాయకమే. నా బండిని విప్పినవాడు సిలిండరును పట్టణమునకు తీసికొనిపోయి బోరు వేయించి తెచ్చినాడు. అరిగిన రింగులను, పాత గొలుసును ఒక కాగితములో చుట్టి నాకు అప్పగించి, “చూసుకోండి సార్, ఇవే తీసింది” అన్నాడు. నేనడుగలేదు. అడుగకయే చూపినాడు. పదహారేండ్ల క్రిందట చదివినవాడనైన నేను చేయలేని పనిని, బడి మానివేసిన ఆ యువకుడు ఏ ఉపన్యాసము లేకుండ చేసినాడు. సత్యశుద్ధ కాయకమను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నేను తరగతిలో చెప్పలేను.

బండి ఇప్పుడు పొగ విడుచుట లేదు. మా కుమారుడు పూర్తిగా ఒప్పుకొనలేదు. రేపు మరియొక భాగము పోవును, అప్పుడేమందురని అడుగుచున్నాడు. పోవచ్చును. అప్పుడును మూడు ప్రశ్నలే వేసుకొందుమని చెప్పినాను. ఇది పనికి చాలుచున్నదా? దీనివలన ఇతరులకు హాని కలుగుచున్నదా? దీనిని విడిచిపెట్టినచో దీని దోషము ఎవరి తలపై పడును? మొదటి రెండు ప్రశ్నలు ఎవరైనను వేసుకొందురు. మూడవదానిని వేసుకొనువాడే శరణమార్గమున నడచువాడు. ఆ ప్రశ్నకు తిన్నగా సమాధానము చెప్పగలిగినవాడు పాతది ఉంచుకొన్నను, క్రొత్తది కొన్నను దోషము లేదు.

పాలవానిని మరల నేను చూడలేదు. అతని బాకీ తీర్చు మార్గము నాకు తెలియదు. ఈ బండిని ఎన్నడైన అమ్మవలసివచ్చినచో, కొనువానిని ఎత్తుబాటకే తీసికొనిపోయి నడిపించి, ఉన్న దోషమును నా నోటనే చెప్పెదను. చౌడయ్య తన పడవ చిల్లిని దాచి ఎవరినైన ఏటి నడుమకు పంపియుండునని నేను నమ్మజాలను.