నిద్రపట్టని పోలీసు



మన తాతలు 'రంగం' అని పిలిచిన యాంగాన్‌లో 2020 ఏప్రిల్‌లో రాత్రి కర్ఫ్యూ పెట్టారు, సెప్టెంబరులో ఇల్లు కదలొద్దన్నారు. రోడ్డు మీద నిలబడి వాటిని అమలు చేసింది పోలీసులే. మన హైదరాబాదు, విజయవాడ కూడళ్లలో నిలబడ్డవాళ్లకూ వాళ్లకూ అప్పటికి పెద్ద తేడా లేదు. డ్యూటీ దిగి ఇంటికెళ్తే పిల్లల్ని ముట్టుకోవాలన్నా భయం. ఆ అలసటకు సెలవు, ఓ మంచి మాట, అవసరమైతే వైద్యుడు ఉంటే చాలు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. కరోనా పోలేదు గానీ పోలీసులకు వచ్చే ఉత్తర్వులు మారిపోయాయి. ఫిబ్రవరి 28న ఒక్కరోజే దేశంలో కనీసం 18 మంది నిరసనకారులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది.

ఆ తర్వాత నిద్రపట్టని పోలీసుది కూడా అలసటేనా? నేననుకోను. అక్కడ మేలుకొని ఉన్నది మనస్సాక్షి. దాన్ని మాత్రతో జోకొట్టడమంటే, మా ఐటీ భాషలో, లోపాన్ని అలాగే వదిలేసి అలారం ఆపేయడం. డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దని అనడం లేదు, తప్పక వెళ్లాలి.

పోనీ, 'చేసిన పాపం అనుభవించనీ' అనొచ్చా? ఫిలిప్పీ చెరసాల నాయకుణ్ణి మనం రక్షణ పొందినవాడిగానే చెప్పుకుంటాం. కాసేపటి ముందు అతను కత్తి దూసి చావబోయిన ప్రభుత్వోద్యోగి. ఖైదీలు పారిపోయారనుకున్నాడు. అతణ్ణి కేకవేసి ఆపింది ఎవరు? అతను కాళ్లకు బొండ బిగించిన పౌలే. పశ్చాత్తాపపడ్డావా అని అడగలేదు, ముందు ప్రాణం కాపాడాడు. ఆ రాత్రే అతను పౌలు సీలల గాయాలు కడిగాడు. ముందు ప్రాణం, ఆ వెంటనే గాయాలు. ఈ వరుస నాకు చాలా ముఖ్యం.

ఇక్కడో చిక్కుంది. ఆ కేక దెబ్బలు తిన్నవాడి నోట వచ్చింది. యాంగాన్‌లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి తరఫున క్షమించేసే హక్కు డాలస్‌లోనో సింగపూర్‌లోనో కూర్చున్న మనకు ఎవరిచ్చారు? 'అందరూ క్షమించుకోవాలి' అని ప్రార్థన ముగించేస్తే నా మనసు ఒప్పదు.

2021 మార్చి 8న కచిన్ రాష్ట్రంలోని మిచీనాలో సిస్టర్ ఆన్ రోజ్ ను తాంగ్ మోకరించి, కాల్చొద్దని పోలీసులను బతిమాలారు. ఎదురుగా ఇద్దరు పోలీసులూ చేతులు జోడించి మోకరించారు. అయినా ఆ రోజు తూటాలు పేలాయి. ఆ ఇద్దరి మనసుల్లో ఏముందో ఫొటో చెప్పదు. ఆ నెలలోనే, కాల్చమన్న ఉత్తర్వు పాటించలేక కొందరు పోలీసులు సరిహద్దు దాటి మిజోరం చేరారు. జీతం పోయింది, అయినవాళ్లు వెనకే ఉండిపోయారు. అలా వచ్చినవాళ్లకు మిజోరం ఊళ్లు, సంఘాలు అన్నం పెట్టాయి.

పోలీసుల కోసం ప్రార్థించేటప్పుడు 'ధైర్యమివ్వు ప్రభువా' అంటాం. ఆ ధైర్యం వచ్చి తుపాకి దించినవాడి ఇంటి అద్దెకు మన మిషన్ నిధిలో పద్దు ఉందా? ఈ నెల కమిటీలో నేను అడగబోయేది ఇదే.