పదిమందిలో అల్లిక

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 9:36–43



చేతిపని ఇంటి మూలను కూర్చుండి చేసికొనవలసినదా, లేక పదిమంది కంటబడునట్లు చేయదగినదా? అరుగుమీద కూర్చుండి అల్లుకొను స్త్రీని చూచి, ఆమెకు పనికంటె ముచ్చట్లే ఎక్కువని మనవారు అనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని.

ఒక సాయంకాలము రాంబిల్లిలో బస్సుకొరకు కనిపెట్టుచు, సంచిలోని నూలు తీసి అల్లుకొనుచుంటిని. అది మా సంఘములో ప్రభువు బల్లమీద పరచు గుడ్డకు లేసు అంచు. ఇంతలో ఒక స్త్రీ చేపల గంప దించి నా ప్రక్కను కూర్చుండెను. తెల్లని నూలుకు నీచు వాసన అంటునేమోయని నేను సంచిని ఇవతలకు లాగుకొంటిని. ఆమె అది చూచియు చూడనట్లే ఉండెను. కొంతసేపటికి, "సన్నటి వల కుడతన్నావేటమ్మా?" అని అడిగెను.

నాకు నవ్వు వచ్చెను. వల కాదు, లేసు అని చెప్పి, కొక్కెపు సూదిని ఆమె చేతికిచ్చితిని. ఆమె దానిని అటునిటు త్రిప్పి చూచి, వలకు ముడి ఎట్లు వేయుదురో నా నూలుతోనే వేసి చూపెను. "మాదీ ఇలాంటి పనేనమ్మా. ఒక్క కన్ను తెగినా వదిలీకూడదు. సేపలన్నీ ఆ బొక్కలోంచే పోతాయి" అనెను. బస్సు వచ్చువరకు ఇద్దరమును నవ్వుకొనుచు మాటలాడుకొంటిమి. చాల దినములకు నా మనస్సు అంత తేలికపడెను.

ఇంటికి వచ్చిన తరువాత ఆ సంచి జ్ఞాపకము వచ్చెను. ప్రభువు బల్లకు అంచు అల్లుచు, ఆయన ప్రేమించిన సహోదరికి దూరముగా జరిగితిని గదా! నూలు తెల్లగానే యున్నది. మరక పడినది నా హృదయమునకే.

ఆ రాత్రి దొర్కా కథ చదివితిని. ఆమెయు సముద్రతీరపు ఊరిదే, యొప్పేవాసి. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టి యిచ్చిన వస్త్రములను పేతురుకు చూపిరి. ఆ వస్త్రములు కుట్టుటలో ఆమె వారినెల్ల ఎరిగియుండెను. అందుకే వారి దుఃఖము అంత గొప్పది. తరువాత పేతురు అదే ఊరిలో ఎవరి యింట దిగెను? చర్మకారుడైన సీమోను ఇంట. తోళ్లు ఊనువాని యిల్లు ఎట్టి వాసన వేయునో మనకు తెలియును. పేతురు సంచి లాగుకొనలేదు, అక్కడనే బహు దినములుండెను. అన్యుడైన కొర్నేలీ పంపిన మనుష్యులు వచ్చి వాకిట నిలిచినది ఆ యింటనే. వాసనకు వెరవనివాడు అన్యుని యింటికి పోవుటకు సిద్ధపరచబడెను.

చేతిలో పని యుండుట పరిచయమునకు ఎంత సహాయమో చూడుడి. చేతులు పనిలో నుండగా మాటలాడినను, ఊరకుండినను ఎవరికిని ఇబ్బంది యుండదు. క్రొత్తవారికి అడుగుటకు ఒక ప్రశ్న దొరకును. జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుచుండగానే ప్రభువు పిలుపు విన్నారు (మత్తయి 4:21). వారు దోనెలో, నలుగురి కంటబడునట్లే యుండిరి.

మూలను దాగిన పనికి మరియొక కీడును కలదు. పందొమ్మిదవ శతాబ్దిలో మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతమునకు వచ్చిన లేసు అల్లిక నరసాపురము చుట్టుప్రక్కల వేలకొలది స్త్రీలకు పని యిచ్చెను. వారి లేసు సముద్రములు దాటి పోయెను. అయినను వారు ఇండ్లలోనే అల్లుచుండుటచేత, లోకము వారిని ఊరక ఇంటిపట్టున నుండి ప్రొద్దుపుచ్చువారినిగా ఎంచెను. కూలియు బహు స్వల్పము. జర్మను దేశపు పండితురాలు మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకములో ఈ సంగతి బయలుపరచెను. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరకినది. పనికి పేరు వచ్చినందుకు సంతోషింతము. అయితే అల్లిన చేతులను కూడ చూడవలదా? ఇతర దేశములలో 2005 నుండి ఏటేట ఒక దినమున తోటలలోను, వీధులలోను అందరి యెదుట కూడి అల్లుకొను వాడుక యున్నది. మనకు అరుగులును, చెట్టునీడలును ముందే యున్నవి.

వట్టి మాటలకు చోటిచ్చునని మీరందురేమో. ఆ భయము న్యాయమే. ఇల్లిల్లు తిరుగుచు పరులమాటలాడు సోమరులను పౌలు గద్దించెను (1 తిమోతి 5:13). అయితే మన యెదుట కూర్చున్నవారిని గూర్చి వారితోనే మాటలాడుట కొండెము కాదు, అది ప్రేమ.

కాబట్టి, ప్రియులారా, ఈ వారము మీ పనిని గుమ్మము దాటించుడి. అల్లికయైనను, వలయైనను, చాటలోని బియ్యమైనను సరే. ఎవరైన దగ్గరకు వచ్చినయెడల కొంచెము జరిగి చోటియ్యుడి. వారి ఊరును పేరును అడుగుడి. నేను ఆ సహోదరి పేరు అడుగ మరచితిని. ఆమె వేసిన ముడి మాత్రము ఆ అంచు మూలను అట్లే యుంచితిని. ప్రభువు బల్లయొద్దకు వచ్చునప్పుడెల్ల దానిని చూచి, ఏ యొక్క కన్నును తెగనియ్యకుము ప్రభువా అని ప్రార్థించుచున్నాను. ఆమేన్.