రిపోర్టు ఎవరిది?

ఆదివారం పొద్దున నా ఫోనులోకి ఒక పీడీఎఫ్ వచ్చింది. రక్తం ఇచ్చింది చెల్లెలు. యాప్‌లో బుక్ చేసింది నేను. కాబట్టి రిపోర్టు నాకొచ్చింది. ఏఎన్ఏ: పాజిటివ్, 1:80.

తను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్లో పనిచేస్తుంది. నైట్ షిఫ్టు దిగాక వేళ్ళ కణుపులు పట్టేస్తున్నాయని రెండు నెలలుగా అంటోంది. అదే వారం ఒక పెళ్ళి సంబంధం దాదాపు ఖాయమయ్యేలా ఉంది. ఆ పీడీఎఫ్‌ని నాలుగు రోజులు తనకి చూపించలేదు. ఈ వ్యాసం ఆ నాలుగు రోజుల గురించి.

బయటి క్రిములను పట్టుకోవాల్సిన యాంటీబాడీలు ఒక్కోసారి మన కణాల కేంద్రకాన్నే పట్టుకుంటాయి. అలాంటివి ఉన్నాయేమో చూసేదే ఏఎన్ఏ పరీక్ష. గాజు పలక మీద పరిచిన మానవ కణాలపై పలచన చేసిన సీరం వేస్తారు. మెరిసే రంగు తగిలించిన ఇంకో యాంటీబాడీ వేసి మైక్రోస్కోపులో చూస్తారు. కేంద్రకం ఆకుపచ్చగా మెరిస్తే పాజిటివ్. 1:80 అంటే ఎనభై వంతులకి పలచన చేసినా ఇంకా మెరుస్తోందని.

ఇంజనీరు బుర్ర కదా, లెక్క వేశాను. 1997లో ఎంగ్ టాన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా 1:80 దగ్గర 13.3 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. 1:40 దగ్గరైతే 31.7 శాతం. వెయ్యిమందిలో ఒకరికి లూపస్ ఉందనుకుందాం. ఆ ఒక్కరితో పాటు నూటముప్పైమంది ఆరోగ్యవంతులూ పాజిటివ్ అవుతారు. చెల్లెలు ఆ నూటముప్పైలోదే అని తీర్మానించుకున్నాను. లేని జబ్బు గురించి చెప్పి భయపెట్టడం ఎందుకు?

లెక్క తప్పు కాదు. దాన్ని వాడిన చోటు తప్పు. అది దారినపోయే వెయ్యిమందికి పనికొచ్చే లెక్క, కీళ్ళ నొప్పులున్న వయసు ఆడపిల్లకి కాదు. పైగా 2003లో అమెరికా సైన్యం దాచి ఉంచిన పాత సీరం నమూనాలను పరీక్షించి చూస్తే, 130 మంది లూపస్ రోగుల్లో 115 మందికి జబ్బు తేలకముందే ఏదో ఒక ఆటోయాంటీబాడీ ఉంది. కొందరికి తొమ్మిదేళ్ళ ముందే. 2019 నాటి లూపస్ వర్గీకరణ నియమాల్లో 1:80 అన్నది లోపలికి అడుగుపెట్టనిచ్చే షరతు మాత్రమే, జబ్బు నిర్ధారణ కాదు. అంటే ఆ కాయితం అభయం ఇవ్వలేదు, శిక్షా వెయ్యలేదు.

మూడోరోజు అమ్మకి చెప్పాను. "జబ్బే లేదంటివి గదా. పెండ్లోళ్ళకు ఇప్పుడేం చెప్పకు బిడ్డా" అంది. జబ్బు దాస్తే మోసం. జబ్బు కానిదాన్ని చెప్పకపోతే దాచినట్టు ఎట్లా అవుతుంది? వాదన నాకు నచ్చింది. నచ్చిందంటేనే అనుమానపడాల్సింది.

నాలుగోరోజు చెల్లెలు బ్రేకులో ఫోన్ చేసింది.

"రిపోర్టు రాలేదా అన్నా?"

"ఆదివారమే వచ్చింది. అమ్మతో మాట్లాడి చెప్దామని..."

విమానం లేచిన చప్పుడు ఆగేదాకా ఏం మాట్లాడలేదు. "నా రక్తం గదా. నాకంటె ముందు అమ్మకెట్ల తెలిసింది?"

ఆ పరీక్షలో వాడే హెప్-2 కణాలు ఎవరో రోగి స్వరపేటిక క్యాన్సర్ నుంచి వచ్చినవని మొదట్లో అనుకున్నారు. అవి నిజానికి హీలా కణాలని తర్వాత తేలింది. హీలా అంటే హెన్రియెటా లాక్స్, 1951లో బాల్టిమోర్‌లో చనిపోయిన నల్లజాతి స్త్రీ. ఆమెను అడక్కుండానే ఆ కణాలు తీసుకున్నారు. రెండు దశాబ్దాల తర్వాతగానీ ఆమె ఇంట్లోవాళ్ళకి తెలియలేదు. ఎప్పుడో చదివి బాధపడ్డ విషయమే ఇది. నేను చేసినదాన్ని దాని పక్కన పెట్టడం అతి అని తెలుసు. అక్కడ జరిగింది దోపిడీ, ఇక్కడ ప్రేమ. కానీ అడక్కపోవడం రెండుచోట్లా ఉంది.

నాలుగు రోజులూ నేను వేసుకున్న ప్రశ్న 'చెప్పాలా వద్దా' అని. అది నాకు రావాల్సిన ప్రశ్నే కాదు. ఖచ్చితమైన నిజం మాత్రమే మనిషి సొత్తనీ, అనుమానాన్ని పెద్దవాళ్ళు తూచి ఇవ్వొచ్చనీ అనుకున్నాను. తన ఒంటి గురించిన అనుమానం కూడా తనదే. దానితో ఎట్లా బతకాలో తేల్చుకోవాల్సింది తనే. పెళ్ళికొడుకుకి చెప్పాలా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. కలిసి బతకబోయేవాడికి కొంత తెలియాలని నాకనిపిస్తుంది. కానీ ఆ నోరు నాది కాదు.

తర్వాతి వారం రుమటాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కాయితం కంటే ఎక్కువసేపు వేళ్ళని చూశారు. మూత్ర పరీక్షా, ఇంకో రెండు రక్త పరీక్షలూ చేయించారు. అవి మామూలుగానే ఉన్నాయి. ఇప్పటికి దీన్ని జబ్బు అనను, జ్వరం, దద్దుర్లు, కీళ్ళ వాపు కనిపిస్తే వెంటనే రండి, లేకపోతే ఆరు నెలలకి రండి అన్నారు.

తిరిగొస్తుంటే ఆరాంఘర్ దగ్గర కారు ఆగినప్పుడు ల్యాబ్ యాప్ తెరిచి నా నంబరు తీసేసి తన నంబరు పెట్టాను. పెళ్ళికొడుక్కి చెప్పిందో లేదో తెలీదు. అడగలేదు.