చివరి రంధ్రం

కారులోకి ఇంజిన్ ఎక్కించేటప్పుడు మంచి మెకానిక్ ఏ బోల్టునీ ముందే బిగించేయడు. అన్ని మౌంట్ల బోల్టుల్నీ చేత్తో నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తాడు. ఇంజిన్‌ని అటూ ఇటూ కదిపి, తన బరువు మీద అది కుదురుకున్నాకే పానా అందుకుంటాడు. తొందరపడి ఒకదాన్ని బిగిస్తే చివరిదాని రంధ్రం కలవకపోవచ్చు.

కలవకపోతే ఇంకో దారుంది. ఇనపరాడ్డుతో ఎత్తిపట్టి బోల్టు దూర్చేయడం. బండి నడుస్తుంది, డబ్బులూ వస్తాయి. కానీ మౌంటులోని రబ్బరు మెలిపడే ఉండిపోతుంది. ఇంజిన్ వణుకుని మింగడానికే ఆ రబ్బరు ఉన్నది. 1931లో ప్లిమత్ కారు 'ఫ్లోటింగ్ పవర్' పేరుతో అమ్ముకున్నది ఈ మెత్తదనాన్నే. మెలిపడ్డ రబ్బరు వణుకుని బాడీకి చేరవేస్తుంది, తొందరగా చిరుగుతుంది. అప్పటికి రాడ్డు పట్టిందెవరో ఎవరికీ గుర్తుండదు.

పని జరిగింది కదా, ఇందులో తప్పేముంది అంటారు. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే మాట: టెస్టులు పాసయ్యాయి కదా! నాకేమో, తప్పు బండి ఆగిన రోజున మొదలవదనిపిస్తుంది. రంధ్రం కలవకపోవడం ఒక కబురు. రాడ్డు ఆ కబురు నోరు నొక్కేస్తుంది. దాని ఖర్చు, ఆ సంగతే తెలియని మనిషి నెత్తిన పడుతుంది.

అలాగని బిగింపు చెడ్డదేం కాదు. వదులు మౌంట్లతో బండి నడపలేం. నియమాలూ అంతే. కాకపోతే ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరికైనా చోటు కుదరకపోతే, చివర వచ్చినవాళ్లనే వంకర అంటాం. ముందు బిగించిన బోల్టుని ఒకసారి వదులు చేసి చూడాలని మాత్రం తోచదు.