కొట్టే బలం, నిలిచే బలం

పేరులోనే దయ్యాన్ని పెట్టుకున్న ఒక కథానాయకుడు పాపసంకీర్తనానికి వస్తాడు. చనిపోయిన తన తండ్రి గురించి చెప్పుకుంటాడు. చివరకు గురువును కోరే కోరిక మాత్రం వింతగా ఉంటుంది. ఇదివరకు చేసినదానికి అతడు క్షమాపణ అడగడు. ఇక చేయబోయేదానికి అడుగుతాడు!

2015 నుండి 2018 వరకు మూడు విడతలుగా, 39 భాగాలుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘డేర్‌డెవిల్’ అనే అమెరికన్ ధారావాహిక మొదటి భాగంలోని సన్నివేశమిది. కథాస్థలం న్యూయార్క్ నగరంలోని హెల్స్ కిచెన్ అనే పేట. ఐర్లండు నుండి వలస వచ్చిన కతోలిక కుటుంబాలు ఒకప్పుడు ఎక్కువగా కాపురమున్న చోటు. కథానాయకుడు మ్యాట్ మర్డాక్ చిన్నతనంలో ఒక వృద్ధుణ్ణి ప్రమాదం నుండి తప్పించబోయి చూపు పోగొట్టుకున్నాడు. తండ్రి బాక్సర్. ఓడిపోవాలని ముందే ఒప్పందం కుదిరిన పోటీలో కొడుకు గర్వపడాలని గెలిచి, హత్యకు గురయ్యాడు. బాలుడు మఠకన్యల అనాథాశ్రమంలో పెరిగాడు. పెద్దయ్యాక పగలు న్యాయవాది, రాత్రి ముసుగు వేసుకుని దుండగులను చితకబాదేవాడు. హింస మితిమీరిన కథ. పిల్లలకు చూపదగినది కాదు. అయినా అది లేవనెత్తే ప్రశ్న మన ఇళ్లలోనిదే: మగవాడంటే ఎవడు?

మొదట ఆ ముందస్తు క్షమాపణ సంగతి చూద్దాం. పశ్చాత్తాపమంటే చేసిన పాపం పట్ల మనోదుఃఖం, అసహ్యం, ఇక చేయకూడదన్న నిశ్చయం అని 1551లో త్రెంతు మహాసభ బోధించింది. రేపు కొడతానని ఈ రోజే నిర్ణయించుకున్నవాడికి ఆ నిశ్చయం ఎక్కడిది? అతడు కోరేది క్షమాపణ కాదు, అనుమతి. అయితే అతణ్ణి తేలికగా కొట్టిపారేయలేం. తనలోని కోపం మంచిది కాదని అతనికి తెలుసు. తెలిసినవాడు గనుకనే వచ్చాడు. గురువు ఫాదర్ లాంటమ్ కూడా అతణ్ణి తరిమివేయడు. కాఫీకి పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడతాడు. మంచి కాపరి చేసే పని అది.

ఇక ప్రేమ సంగతి. అతని ఆఫీసులో పనిచేసే కరెన్ అనే యువతి అతణ్ణి ప్రేమిస్తుంది. అతడూ ప్రేమిస్తాడు. కాని ముఖం మీది గాయాలను చూసి ఆమె అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు. వారి ప్రేమ ఆ అబద్ధాల బరువుకే కుంగిపోతుంది. తానెవరో అతడు ఆమెకు చెప్పేది రెండవ విడత చివర, అంతా చేజారిన తరువాతనే. పదిమంది గూండాలను ఒంటరిగా ఎదిరించినవాడు, తనను ప్రేమించిన ఒక్క స్త్రీ ఎదుట నిజం చెప్పి నిలబడలేకపోయాడు!

‘ఆమెను కాపాడడానికే కదా దాచాడు?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అపాయాన్ని తానే మోయాలనుకోవడంలో ప్రేమ లేకపోలేదు. కాని ఆమె ఎంత భరించగలదో ఆమెను అడగకుండా అతడే తీర్పు చేశాడు. తనతో సమానంగా బరువు మోయవలసినదానిని చిన్నపిల్లను చేశాడు. క్రీస్తునాథుడు అలా చేయలేదు. గెత్సేమని తోటలో ముగ్గురు శిష్యులను దగ్గరకు తీసుకుని, తన ప్రాణం ఎంత దుఃఖంలో ఉన్నదో వారికి చెప్పుకున్నాడు. తనతో మేలుకొని ఉండమని బతిమాలాడు. వారు నిద్రపోతారని తెలియకనా?

పునీత తోమా అక్వీనాసు ధైర్యం గురించి వ్రాస్తూ, దాడి చేయడం కన్నా తట్టుకుని నిలవడమే ధైర్యానికి ముఖ్యమైన పని అంటాడు. కారణాలు కూడా చెబుతాడు. దాడి చేసేవాడు తానే బలవంతుణ్ణి అనుకుంటాడు. తట్టుకునేవాడు తనకన్నా బలమైనదానిని ఎదుర్కొంటాడు. దాడి చేసేవాడికి అపాయం ఇంకా రాబోయేది, తట్టుకునేవాడికి అది మీద పడే ఉన్నది. పైగా దాడి ఒక్క ఊపులో ముగుస్తుంది, తట్టుకోవడానికి ఎంతోకాలం పడుతుంది. బలహీనులను కాపాడడానికి చేయి ఎత్తడం తప్పని శ్రీసభ చెప్పదు. కాని కొట్టగలిగినంత మాత్రాన ధైర్యం పూర్తి కాదని ఈ మహా జ్ఞాని మనకు గుర్తు చేస్తున్నాడు.

ధారావాహిక కూడా తెలిసో తెలియకో అదే చెబుతుంది. మూడవ విడతలో కథానాయకుని వేషం వేసుకున్న హంతకుడు దేవాలయంలో ప్రవేశించి కరెన్ మీదికి ఆయుధం విసురుతాడు. ఫాదర్ లాంటమ్ ఆమెకు అడ్డంగా వచ్చి ఆ దెబ్బ తాను తీసుకుని ప్రాణం విడుస్తాడు. కథలో ఎవరి మీదా చేయి ఎత్తని వృద్ధుడు ఆయన. ఆ తరువాత చివరి భాగంలో, చంపి తీరుతానన్న శత్రువు చేజిక్కినా మ్యాట్ చంపకుండా చట్టానికి విడిచిపెడతాడు. కొట్టడం తండ్రి వద్ద చూశాడు. నిలవడం ఈ తండ్రి వద్ద చూశాడు.

ముసుగు న్యూయార్క్‌లోనే ఉందనుకోకండి. మగపిల్లవాడు ఏడిస్తే ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అంటాం. వాడు పెద్దవాడై పంట పోయినా, ఉద్యోగం ఊడినా, అప్పు పెరిగినా నోరు విప్పడు. ఇంటిల్లిపాదినీ కాపాడుతున్నానని అనుకుంటాడు. అప్పులవాళ్లు గుమ్మంలోకి వచ్చాకగాని భార్యకు సంగతి తెలియదు. పురుగుమందు తాగిన రైతుల ఇళ్లలో ‘నాకు ఒక్క మాట చెప్పి ఉంటే’ అని ఏడ్చిన భార్యలు మన జిల్లాల్లో ఎందరో! ఆ పురుషులు పిరికివాళ్లు కారు. నిజం చెప్పుకోవడం కూడా ధైర్యమేనని వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

తల్లిదండ్రులారా, మీ కుమారుని కన్నీళ్లను ఎగతాళి చేయకండి. భర్తలారా, ఇంట్లో జపమాల ముగిశాక, పిల్లలు పడుకున్నాక, మీరు దాస్తున్న బరువేమిటో భార్యకు చెప్పండి. సోదరీమణులారా, ఆ మాట విన్ననాడు దెప్పిపొడవకండి, పక్కన కూర్చోండి. వివాహ దివ్యసంస్కారం నాడు కష్టంలోనూ సుఖంలోనూ కలిసి ఉంటామని మీరిద్దరూ మాట ఇచ్చారు. దాచిన కష్టంలో కలిసి ఉండడం ఎవరికి సాధ్యం?